మనకు నచ్చిందే సత్యమా?

జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి విద్యార్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: సమ్మెట కొట్టి కొట్టి కమ్మరి పెంచుకున్న కండలు పుట్టబోయే కొడుక్కి వస్తాయా? రావు. మన ఆడవాళ్లు తరతరాలుగా చెవులు కుట్టించుకుంటున్నారు. కుట్టిన చెవులతో ఏ పిల్లా పుట్టలేదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు వైస్మన్ అనేక తరాల ఎలుకలకు తోకలు కోసి చూశాడు. పిల్లలు తోకలతోనే పుట్టాయి. బతుకులో ఆర్జించిన లక్షణాలు సంతానానికి సంక్రమించవన్నది జన్యుశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటి.

ఈ చిన్న పాఠం దగ్గరే అభ్యుదయవాదులు ఒకప్పుడు ఘోరంగా తప్పటడుగు వేశారు. పరిస్థితులు మారిస్తే మనిషి మారతాడని నమ్మేవాళ్లకు, ఆ మార్పు రక్తంలోకి కూడా దిగుతుందన్న సిద్ధాంతం ముచ్చటగా కనిపించింది. పైర్ల విషయంలో లైసెంకో చెప్పింది అదే. 1948 ఆగస్టులో సోవియట్ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ సమావేశం అతని వాదానికి అధికార ముద్ర వేసింది. మెండెల్ జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రమైపోయింది. అంతకు ముందే, దేశదేశాలు తిరిగి విత్తనాలు సేకరించిన వావిలోవ్ 1940లో అరెస్టై, 1943లో సరాతోవ్ జైలులో చనిపోయాడు. ప్రపంచపు ఆకలి తీర్చాలనుకున్నవాడు తిండి లేక కృశించిపోయాడు.

శాస్త్రానికి వర్గస్వభావం లేదా అని మిత్రులు అడగవచ్చు. ఏ పరిశోధనకు డబ్బు దొరుకుతుందో, దాని ఫలం ఎవరి ఇంటికి చేరుతుందో వర్గమే తేలుస్తుంది. కాని బఠానీ గింజ పసుపో పచ్చో తేల్చేది వర్గం కాదు.

అసలు ఆ సిద్ధాంతం మనకు మేలు చేసేదేనా? నిజమే అనుకుందాం. అప్పుడు తరతరాలుగా చదువుకు దూరమైన మాలమాదిగల బిడ్డ ఆ లేమిని రక్తంలో మోసుకుని పుట్టాలి. అగ్రహారపు బిడ్డ తాతముత్తాతల చదువును ఒంట్లో పెట్టుకుని పుట్టాలి. కులవాదికి ఇంతకంటే కావలసిందేమిటి? 1936లో మాస్కో చర్చల్లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు ముల్లర్ ఇలాంటి ప్రమాదాన్నే ఎత్తి చూపాడు. ఆయన మాట చెల్లలేదు.

ఐతే, మనకు అనుకూలంగా ఉంది గనుక వైస్మన్‌ను ఒప్పుకుందామా? అదీ పాత తప్పే. పరిస్థితులు వేసిన గుర్తులు కొన్ని జీవుల్లో కొద్ది తరాలు నిలుస్తాయని ఇటీవలి పరిశోధనలు చూపాయి. రేపు ఇంకేం తేలినా మనం వినవలసిందే; అందుకు భయపడనక్కరలేదు. మనుషులంతా సమానులన్నది జన్యువులు ఇచ్చిన హక్కు కాదు, అవి లాక్కుపోవడానికి. అది మనం ఒకరికొకరం బాకీపడ్డ న్యాయం.

ఆ రోజుల్లో కమ్యూనిస్టుగా ఉన్న జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ సైతం 1948లో లైసెంకోను సూటిగా ఖండించలేక తటపటాయించాడు. తర్వాత పార్టీకి దూరమై, 1957లో ఇండియా వచ్చి, ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. బల్ల మీది దేహాన్ని కోసి చూసే విద్యార్థికి కనిపించేది అక్కడ ఉన్నదే గాని, అతడు కోరుకున్నది కాదు. మన విద్యార్థులు ముందుగా నేర్వవలసిన పాఠం అదే.