కనిపించనంత మాత్రాన లేనట్టేనా?

బ్యాటరీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, ఛార్జరూ పెట్టే ఉంటుంది. అయినా తెర మూలన బ్యాటరీ గుర్తు మీద ఎర్ర ఇంటూ పడి 'నో బ్యాటరీ ఈజ్ డిటెక్టెడ్' అని వస్తుంది. ఇంకోసారి బ్యాటరీ కనిపిస్తుంది గానీ 'ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్' అంటూ శాతం అక్కడే నిలిచిపోతుంది. మొదటిది ఒక వస్తువు లేదనే తీర్పు, రెండోది ఒక పని జరగడం లేదనే తీర్పు. రెండూ అభావాన్ని గురించినవే. లేనిదాన్ని లేదని ఎలా తెలుసుకుంటాం, ఆ తెలివిని ఎంతవరకు నమ్మవచ్చు అనే ప్రశ్న మీద మన దార్శనికులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నారు. ఆ వాదంలో తేలిన నియమాలు రిపేరు బల్ల మీద నేటికీ పనికొస్తాయి.

అభావం ఎలా తెలుస్తుంది?

నేల మీద కుండ లేదు. ఈ సంగతి ఎలా తెలిసింది? 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు దీనికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం, అంటే సరైన జ్ఞానం కలిగించే సాధనం, ఉండాలన్నాడు. ఒకడు పొద్దున ఒక చోటికి వెళ్లి వచ్చాడు. మధ్యాహ్నం ఎవరో 'అక్కడ ఫలానావాడు ఉన్నాడా?' అని అడిగారు. అప్పటిదాకా ఆ ఆలోచనే అతనికి లేదు. అడిగాక 'లేడు' అని తెలిసింది. ఆ క్షణంలో కళ్లెదుట ఆ చోటు లేదు కనుక ఇది ప్రత్యక్షం కాదని కుమారిలుడి వాదం. అద్వైతులు దీన్ని ఒప్పుకొని అనుపలబ్ధిని ఆరో ప్రమాణంగా తీసుకున్నారు.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. నేలను చూసిన కన్నే కుండ లేకపోవడాన్నీ చూస్తుందన్నారు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరనే నానుడి ఎవరి మీద పుట్టిందో ఆ అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాశాడు. తెలుగువాడిగా పేరున్న ఈ పండితుడి చిన్న పుస్తకంతోనే దేశమంతటా తర్కపాఠం మొదలవుతుంది. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం తరవాత అభావాన్ని ఏడో పదార్థంగా ఆయన లెక్కించాడు. ప్రాభాకర మీమాంసకులు మాత్రం ఉత్త నేల తెలిస్తే చాలు, అభావమనే వేరే పదార్థమే అక్కర్లేదన్నారు. బౌద్ధుడైన ధర్మకీర్తి అభావజ్ఞానాన్ని అనుమానం కింద, అంటే హేతువును బట్టి ఊహించి తేల్చే జ్ఞానం కింద, చేర్చాడు.

దారులు వేరైనా వీరిలో ఎక్కువమంది ఒక షరతు దగ్గర కలుస్తారు. కనిపించకపోవడం ఒక్కటే చాలదు. ఉండి ఉంటే తప్పక కనిపించేదే అని ముందు తేలాలి. దాన్నే యోగ్యత అన్నారు. వెలుతురులో, తెరిచిన కళ్లముందు కుండ కనిపించకపోతే అది లేనట్టే. చీకటి గదిలో కనిపించకపోతే ఏమీ తేలదు. పిశాచం అసలు కంటికి ఆనేది కాదు కాబట్టి, అది కనిపించలేదన్న కారణంతో లేదని చెప్పడానికి వీల్లేదని తార్కికులు ఉదాహరణ ఇస్తారు. బ్యాటరీ లేదని ల్యాప్‌టాప్ చెప్పినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: బ్యాటరీ బాగానే ఉండి ఉంటే దానికి కనిపించే పరిస్థితి ఉందా?

ల్యాప్‌టాప్ బ్యాటరీని ఎలా చూస్తుంది?

బ్యాటరీ కనెక్టర్‌లో ధన, ఋణ పిన్నులతో పాటు సన్నని పిన్నులు మరికొన్ని ఉంటాయి. ఒకటి క్లాక్‌కు, ఒకటి డేటాకు, మిగిలినవి ఉష్ణోగ్రత తెలపడానికి, ప్యాక్ పెట్టి ఉందని సూచించడానికి. ప్యాక్ లోపల లిథియం అయాన్ సెల్స్‌తో పాటు ఒక చిన్న చిప్ ఉంటుంది. వోల్టేజి, కరెంటు, మిగిలిన ఛార్జి లెక్క పెట్టేది అదే. మదర్‌బోర్డు మీది ఎంబెడెడ్ కంట్రోలర్ కొద్ది కొద్ది సేపటికి ఈ చిప్‌ను పలకరిస్తుంది. ఆ పలకరింపు పద్ధతిని ఇంటెల్, డ్యూరాసెల్ కంపెనీలు 1990ల మధ్యలో ప్రమాణీకరించాయి. చిప్ బదులిస్తే బ్యాటరీ ఉన్నట్టు, ఇవ్వకపోతే లేనట్టు. ల్యాప్‌టాప్‌కు చూపంటే అంతే.

కాబట్టి బదులు రాకపోవడానికి బ్యాటరీ చెడిపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. పిన్నుకు మకిలి పట్టినా, కనెక్టర్ అర మిల్లీమీటరు పైకి లేచినా, కంట్రోలర్ తికమకలో చిక్కుకున్నా, బయోస్ పాతదైనా మాట అందదు. రిపేరులో మొదటి పనులన్నీ యోగ్యతను నిలబెట్టేవే. ల్యాప్‌టాప్ ఆపి ఛార్జర్ తీసేయాలి. బ్యాటరీ ఊడదీసే రకమైతే ఊడదీయాలి, లోపల బిగించిన రకమైతే అడుగు మూత విప్పి కనెక్టర్ జాగ్రత్తగా లాగాలి. పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన ఛార్జి దిగిపోయి కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కొన్ని మోడళ్లకు ఇదే పని కోసం అడుగున సూది పట్టేంత బెజ్జం ఉంటుంది. తరవాత పిన్నులు శుభ్రం చేసి, కనెక్టర్ పూర్తిగా కూర్చునేలా నొక్కి మళ్లీ చూడాలి.

ఇప్పటికీ కనిపించకపోతే ఎవరికి కనిపించడం లేదో విడదీయాలి. బయోస్ తెరలో బ్యాటరీ కనిపించి విండోస్‌లో మాత్రం కనిపించకపోతే లోపం విండోస్‌ది. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఉన్న ఏసీపీఐ బ్యాటరీ డ్రైవర్‌ను తీసేసి రీస్టార్ట్ చేస్తే అది మళ్లీ తనంతట తాను చేరుతుంది. చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది. బయోస్‌కే కనిపించకపోతే విండోస్‌లో ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు.

నాలుగు అభావాలు, నాలుగు చికిత్సలు

తర్కసంగ్రహం అభావాన్ని నాలుగు రకాలుగా విడదీస్తుంది. ఛార్జి ఎక్కకపోవడాన్ని కూడా అలాగే విడదీసి చూస్తే ఏ లేమికి ఏం చేయాలో తేటపడుతుంది.

మొదటిది ప్రాగభావం, ఇంకా పుట్టనిదాని లేమి. నెలల తరబడి వాడకుండా మూల పడేసిన ల్యాప్‌టాప్‌లో సెల్స్ బాగా దిగిపోతాయి. నిండుగా ఉన్న సెల్ సాధారణంగా 4.2 వోల్టులు చూపిస్తుంది. అది సుమారు 3 వోల్టుల కిందికి పోతే ఛార్జింగ్ సర్క్యూట్ పూర్తి కరెంటు ఇవ్వకుండా సన్నటి కరెంటుతో మొదలుపెడుతుంది. ఆ సమయంలో శాతం సున్నా దగ్గరే ఉంటుంది. ఇక్కడ కావలసింది ఓపిక. ఛార్జర్ పెట్టి గంటో రెండు గంటలో వదిలేయాలి.

రెండోది ప్రధ్వంసాభావం, ఉండి నశించినదాని లేమి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ ద్వారా బ్యాటరీ రిపోర్టు తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకు మొదటిది 50,000, రెండోది 18,000 మిల్లీవాట్ అవర్లు అయితే బ్యాటరీ తన శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. పోయిన శక్తిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ప్యాక్ ఉబ్బితే ఇక పరీక్షలు అక్కర్లేదు. వెంటనే వాడకం ఆపాలి. పొడవడం, నొక్కడం, మామూలు చెత్తలో వేయడం ప్రమాదం.

మూడోది అత్యంతాభావం, ఎప్పుడూ లేనిదాని లేమి. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన ప్రతి ల్యాప్‌టాప్ దాని ద్వారా ఛార్జి తీసుకోదు. కొన్నింటిలో ఆ రంధ్రం డేటాకే. 5 వోల్టులు మాత్రమే ఇచ్చే ఫోన్ ఛార్జర్ 20 వోల్టులు అడిగే ల్యాప్‌టాప్‌కు చాలదు. అక్కడ చెడిపోయింది ఏమీ లేదు, ఆ సామర్థ్యం మొదటి నుంచీ లేదు.

నాలుగోది అన్యోన్యాభావం. ఇది అది కాదు, అది ఇది కాదు. పిన్ను సరిపోయినంత మాత్రాన ఛార్జర్ ఆ ల్యాప్‌టాప్‌ది కాదు. డెల్ వంటి కంపెనీల ఛార్జర్ పిన్ను మధ్యలో సన్నని ముల్లు ఉంటుంది. ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. ఆ ముల్లు వంగినా, వేరే ఛార్జర్ పెట్టినా ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీకి ఛార్జి ఎక్కదు. చూడటానికి ఒకేలా ఉన్న బ్యాటరీ కూడా మోడల్ నంబరు కలవకపోతే పలకకపోవచ్చు.

వీటికి తోడు, లోపంలా కనిపించే లోపం కానివీ ఉన్నాయి. బ్యాటరీ ఆయుష్షు పెంచడానికి 60 లేదా 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ చాలా కంపెనీలు ఇస్తున్నాయి. అది ఆన్‌లో ఉంటే 'నాట్ ఛార్జింగ్' అన్న మాట నిజమే, జబ్బు మాత్రం కాదు. సెల్స్ వేడి సుమారు 45 డిగ్రీలు దాటితే చాలా ప్యాక్‌లు ఛార్జి తీసుకోవు. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మే నెల మధ్యాహ్నాల్లో రేకుల కప్పు కింద ల్యాప్‌టాప్ ఆ వేడికి సులువుగా చేరుతుంది. చల్లబడ్డాక మళ్లీ ఛార్జి ఎక్కితే బ్యాటరీ తనను తాను కాపాడుకున్నట్టు.

కారణం ఏదని తేల్చడం

అన్నంభట్టు కారణానికి రెండు లక్షణాలు చెప్పాడు. కార్యానికి ముందు అది తప్పనిసరిగా ఉండాలి, అన్యథాసిద్ధం, అంటే కార్యానికి అక్కర్లేకుండా పక్కన ఉన్నది, కాకూడదు. కుండకు మట్టి కారణమే. ఆ మట్టి మోసుకొచ్చిన గాడిద ముందున్న మాట నిజమే గానీ కారణం కాదు. వేరే విధంగా మట్టి వచ్చినా కుండ తయారవుతుంది. కుమ్మరి తండ్రీ అంతే. 'నిన్న అప్‌డేట్ వచ్చింది, ఇవాళ ఛార్జింగ్ ఆగింది, కాబట్టి అప్‌డేటే కారణం' అనే తీర్పులో చాలాసార్లు ఆ గాడిదే ఉంటుంది.

దీన్ని తేల్చే పద్ధతి అన్వయ వ్యతిరేకాలు. అది ఉంటే ఇది ఉంది, అది లేకపోతే ఇది లేదు అని రెండు వైపులా చూడాలి. ముందు గోడ సాకెట్ మార్చాలి. తరవాత బాగున్నదని తెలిసిన అదే రకం ఛార్జర్ పెట్టాలి. మల్టీమీటర్‌తో ఛార్జర్ కొసన వోల్టేజి చూడాలి, చాలా ఛార్జర్లకు అది 19 వోల్టుల పైచిలుకు ఉంటుంది. బ్యాటరీ తీసేశాక ఛార్జర్ మీదే ల్యాప్‌టాప్ నడిస్తే ఛార్జర్, జాక్ చాలామటుకు నిర్దోషులని తేలుతుంది. అప్పుడు మిగిలేవి బ్యాటరీ, బోర్డు మీది ఛార్జింగ్ సర్క్యూట్. వేరే మంచి బ్యాటరీ పెట్టినా ఛార్జి ఎక్కకపోతే దోషం బోర్డుది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే లోపం పోయినా కారణం తెలియదు.

సాక్షిని ఎవరు పరీక్షించాలి?

మిర్యాలగూడ ప్రాంతపు పొలాలకు నీరిచ్చే నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి బౌద్ధ విహారాలను వెలికితీశారు. అక్కడి నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో ప్రమాణాల మీదే ప్రశ్న వేశాడు. వస్తువులు ప్రమాణాల వల్ల సిద్ధిస్తే ప్రమాణాలు దేనివల్ల సిద్ధిస్తాయి? మరో ప్రమాణం వల్లనంటే ఆ వరసకు అంతుండదు. తమంతట తామేనంటే వస్తువులకు లేని ఆ ప్రత్యేకత వాటికెందుకు? వస్తువుల వల్లనంటే రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి.

బ్యాటరీ విషయంలో ఈ చివరి చిక్కు కళ్లకు కడుతుంది. సెల్స్ స్థితి చెప్పే చిప్ ఆ సెల్స్ కరెంటుతోనే బతుకుతుంది. సెల్స్ పూర్తిగా దిగిపోతే చిప్ కూడా పడుకుంటుంది. అప్పుడు 'బ్యాటరీ ఖాళీ అయింది' అని చెప్పేవారే ఉండరు. ల్యాప్‌టాప్ ఆ మౌనాన్ని విని 'బ్యాటరీ లేదు' అంటుంది. సాక్షి, సాక్ష్యం చెప్పవలసిన వస్తువు ఒకే ఊపిరి మీద ఉన్నప్పుడు ఆ మౌనానికి ఏ అర్థం తీయడమైనా తొందరపాటే.

నాగార్జునుడి ప్రశ్నతో జ్ఞానమంతా కూలిపోదని నైయాయికుల సమాధానం. తక్కెడ బంగారాన్ని తూస్తున్నప్పుడు ప్రమాణం, దాన్నే పరీక్షిస్తున్నప్పుడు ప్రమేయం, అంటే తెలుసుకోవలసిన వస్తువు, అని న్యాయసూత్రాలు అంటాయి. ఏ కొలతైనా ఎప్పుడో ఒకప్పుడు తానూ కొలతకు నిలబడాలి. మంచి మెకానిక్ కూడా సందేహం వస్తే మల్టీమీటర్‌ను ముందు కొత్త సెల్ మీద పెట్టి చూసుకుంటాడు. తరవాతే ప్యాక్ మీద పెడతాడు. సెల్స్ మరీ తక్కువ వోల్టేజి చూపిస్తే నేరుగా బయటి కరెంటు పెట్టి లేపే ప్రయత్నం చేయకూడదు. అలా దిగిపోయిన లిథియం సెల్ లోపల దెబ్బతిని ఉంటుంది, షార్టయి మండే ప్రమాదం ఉంది.

ఈ విచారణ ఒక యంత్రంతో ఆగిపోయేది కాదు. ఏళ్ల తరబడి నాట్లు వేసి, కలుపు తీసిన చేతుల మీద వేలి గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో వేలిముద్ర పడకపోతే యంత్రం ఆ మనిషిని గుర్తించదు. మనిషి మాత్రం ఎదురుగానే నిలబడి ఉంటుంది. అక్కడ లేనిది మనిషి కాదు, గుర్తించే యోగ్యత. లేదనే మాటకు బాధ్యత చూసినవారిది. చూడగలిగే పరిస్థితి ఉందని నిరూపించుకున్నాకే ఆ మాట అనాలి.

మాడుగులపల్లి వంటి ఊరి నుంచి మిర్యాలగూడకో నల్లగొండకో ల్యాప్‌టాప్ పట్టుకుని బయల్దేరే విద్యార్థి ముందు ఇంట్లోనే సాకెట్ మార్చి, పవర్ బటన్ నొక్కిపట్టి, బయోస్‌లో ఒకసారి చూసుకోవాలి. షాపులో బ్యాటరీ పోయిందంటే ఏ పరీక్షతో తేల్చారో అడగాలి, వేరే ఛార్జర్ పెట్టి చూపమనాలి. పరీక్షలన్నీ దాటాక కూడా లేదనే తేలితే అప్పుడు కొత్త బ్యాటరీ కొనడమే సరైన పని.