శమించిన వ్యాధి – మిగిలిన సంశయం

దుఃఖం కలిగినపుడు మనుష్యుడు దానికి కారణం వెదుకుతాడు. సుఖం కలిగినపుడు కారణం అడిగేవారు అరుదు. నొప్పి వచ్చినవాడు ఇది నాకెందుకు వచ్చిందని అడగడంలో వింత లేదు. కాని దీర్ఘకాలం ఒక వ్యాధితో కాపురం చేసి, ఒకనాడు దాని పీడ లేకుండా నిద్ర లేచినవాడు కొంత వింతైన ప్రశ్నే వేస్తాడు: ఆ వ్యాధి నాకు నిజంగా ఉండినదా? ఈ ప్రశ్న వైద్యునికి విసుగును, బంధువులకు భయాన్ని కలిగిస్తుంది. అడిగినవాని మనస్సులో అది ఆశకూ న్యాయబుద్ధికీ నడుమ ఊగుతూ ఉంటుంది. ఇట్లా ప్రశ్నించే హక్కు మనుష్యునికి ఎంతవరకు ఉన్నది, జవాబును ఏ త్రోవన వెదకాలి అన్నదే ఇక్కడ విచారించదలచిన విషయం.

విచారణకు ఒక ఆధారం ఉండాలి గనుక, కీళ్లవాతాలలో ఒకటైన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి దారి తప్పి కీళ్ల లోపలి పొరపైనే దాడి చేయడం ఈ వ్యాధి స్వభావం. వేళ్ల కణుపులు, మణికట్లు, పాదాల కీళ్లు రెండు వైపులా వాస్తాయి. తెల్లవారి లేచేసరికి చేతులు బిగుసుకుపోయి, పిడికిలి మూయడానికి గంటకు పైగా పడుతుంది. అశ్రద్ధ చేస్తే ఎముక కొరుక్కుపోయి వేళ్లు వంకరపోతాయి. ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ 1919లో మరణించేవరకు పాతికేళ్లకు పైగా దీనితోనే బ్రతికి, వంగిపోయిన వేళ్ల నడుమ కుంచె ఉంచుకొని చిత్రాలు వేశాడు. ఇది సమూలంగా పోయే రోగం కాదనీ, అణగి ఉండగల రోగమనీ వైద్యులు చెబుతారు. అట్లా అణగి ఉన్న స్థితికే ఉపశమనమని పేరు. 2011లో అమెరికా, ఐరోపా కీళ్లవైద్యుల సంఘాలు కలిసి దీనికి ఒక కొలత నిర్ణయించాయి. దాని ప్రకారం నొప్పి గల కీలు గాని, వాపు గల కీలు గాని ఒకటికి మించరాదు; వాపును తెలిపే రక్తపరీక్ష ఒక హద్దు దాటరాదు; తన బాధకు రోగి పదింటికి వేసుకొనే మార్కు ఒకటిని మించరాదు. ఈ నిర్వచనంలో వ్యాధి లేదన్న మాట ఎక్కడా కనబడదు. వ్యాధి కనబడడం లేదన్న మాట మాత్రమే ఉన్నది. మనం చెప్పుకొనే సంశయమంతా ఈ రెండు మాటల నడుమ ఉన్న ఎడంలోనే పుడుతున్నది.

ముప్పయ్యవ ఏట ఈ పేరు తన పేరు పక్కన చేరిన ఒక స్త్రీని ఊహించుకుందాం. వారానికొక రోజు మాత్ర మింగడం ఆమెకు వ్రతంలాగ అలవాటయింది. ఆ మందు వాడేటప్పుడు గర్భం ధరించరాదు కనుక రెండవ బిడ్డను కనే ఆలోచన వాయిదా పడి, వాయిదా పడి, చివరకు మరుగున పడింది. నిలబడి చేయవలసిన ఉద్యోగం వదులుకొన్నది. చెల్లెలి పెండ్లి సంబంధాల మాటలలో కూడా ఆమె వ్యాధి ప్రసక్తి వచ్చింది. పదిహేనేళ్లు గడిచాయి. గడచిన మూడేళ్లుగా వాపు లేదు, నొప్పి లేదు. ఇపుడామెకు కలిగిన సందేహం పండితుల వాదానికి సంబంధించినది కాదు. ఆ పేరు తప్పయితే మానుకొన్న బిడ్డ, వదులుకొన్న ఉద్యోగం ఒక పొరపాటుకు చెల్లించిన మూల్యమవుతాయి. ఆ పేరు నిజమయితే నేటి సుఖం ఏనాటికీ పూర్తిగా నమ్మరానిదవుతుంది. ఏ జవాబు వచ్చినా ఆమె కొంత పోగొట్టుకొంటుంది. అయినా ఆమె అడుగుతున్నది. ఈ ధైర్యాన్ని ముందుగా మనం గౌరవించాలి.

సంశయం అజ్ఞానానికి గుర్తని మన పూర్వులు తలచలేదు. గౌతముని న్యాయశాస్త్రం పదహారు పదార్థాలను చెబుతూ, ప్రమాణ ప్రమేయాల తరువాత మూడవదిగా సంశయాన్నే నిలిపింది. దాని వెంటనే ప్రయోజనాన్ని చెప్పింది. నిర్ణయం అన్నది ఎంతో తరువాత గాని రాదు. సంశయించనివానికి నిర్ణయం లేదనీ, ఏ ప్రయోజనం కోసం సంశయిస్తున్నామో ఎరుగనివాని సంశయం గమ్యం చేరదనీ ఈ వరుస నుండి మనం గ్రహించవచ్చు. వైద్యులు వాడే రోగనిర్ణయం అన్న మాటలో కూడా ఆ నిర్ణయమే ఉన్నది. ఒకసారి నిర్ణయించినదాన్ని మరల విచారణకు తేరాదన్న నియమం ఆ మాటలో లేదు.

పైగా ఈ వ్యాధి చరిత్రను చూచినా సందేహానికి తావు ఉన్నదని తెలుస్తుంది. 1800లో పారిస్‌లో లాండ్రే బోవే అనే యువవైద్యుడు దీన్ని వర్ణించినపుడు గౌటు అనే వేరొక వాతంలో ఒక భేదమని భావించాడు. 1859లో లండన్ వైద్యుడు గారడ్ దానిని గౌటు నుండి విడదీసి నేటి పేరు పెట్టాడు. ఆ పేరు కిందకు ఎవరు వస్తారో తేల్చడానికి గుర్తుల పట్టికలు 1958లో ఒకసారి, 1987లో ఒకసారి, 2010లో మరొకసారి మారాయి. 1987 నాటి పట్టికలో ఏడు లక్షణాలకు నాలుగు ఉండాలన్నారు. 2010 నాటిదానిలో పదింటికి ఆరు మార్కులు రావాలన్నారు. ఇవన్నీ ప్రధానంగా పరిశోధనల కోసం రోగులను ఒకే తీరున ఏరుకొనడానికి చేసిన ఏర్పాట్లు. పైగా 2010 నాటి పట్టిక, ఆ వాపుకు మరొక వ్యాధి ఇంతకంటె తగిన కారణం కాకూడదన్న షరతు ముందే పెట్టింది. రుమటాయిడ్ ఫాక్టర్ అనే రక్తపరీక్ష ఈ రోగులలో నూటికి 70, 80 మందిలో మాత్రమే గుర్తు చూపుతుంది. అదే గుర్తు క్షయ, కుష్ఠు, కొన్ని కాలేయవ్యాధులు గలవారిలోను, ఏ రోగమూ లేని కొందరు వృద్ధులలోను కనబడడం కద్దు.

మన దేశపు అనుభవం ఒకటి ఇక్కడ చెప్పుకోదగినది. 2006లో చికున్‌గున్యా జ్వరం ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మొదలైన ప్రాంతాలలో విజృంభించింది. దేశం మొత్తంమీద పదమూడు లక్షలకు పైగా అనుమానిత రోగులు లెక్కకు వచ్చారు. జ్వరం కొద్ది రోజులలో తగ్గినా కీళ్లనొప్పులు కొందరిలో నెలలు, మరికొందరిలో ఏళ్లు నిలిచాయి. మణికట్లు, వేళ్లు వాచి, ఉదయం బిగుసుకుపోయే ఆ బాధ రుమటాయిడ్ వ్యాధిని అచ్చంగా పోలి ఉండవచ్చు. అట్లాంటి రోజులలో వైద్యుని దగ్గరకు పోయి, జ్వరం సంగతి చెప్పక, ఆయన అడగక, ఈ పెద్ద పేరు తెచ్చుకొన్నవారు ఉండడం అసంభవం కాదు. అటువంటివాడు ఈనాడు నొప్పి లేక తిరుగుతూ నా రోగం నిజమేనా అని అడిగితే, ఆ ప్రశ్నను త్రోసివేసే అధికారం ఎవరికీ లేదు.

ఇంతవరకు సంశయానికి పక్షం వహించాం. ఇక రెండవ వైపు చూడవలసి ఉన్నది. పేరు తప్పయి ఉండవచ్చునన్నది ఒక మాట. నొప్పి పోయింది గనుక పేరు తప్పు అన్నది మరొక మాట. మొదటిది విచారణకు మూలం. రెండవది తర్కానికి నిలువదు. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదని ఊహించవచ్చునని నైయాయికులు చెప్పారు. పొగ లేనిచోట నిప్పు లేదని మాత్రం వారు ఒప్పుకోలేదు. కాగిన ఇనుపగుండును వారు దృష్టాంతంగా చూపారు: అందులో నిప్పు ఉన్నది, పొగ లేదు. మన పల్లె భాషలో దీనికి ఇంకా దగ్గరి మాట ఉన్నది, నివురుగప్పిన నిప్పు. వాపు, నొప్పి ఈ వ్యాధికి పొగ వంటివి. పొగ అణగినంతమాత్రాన పొయ్యి చల్లారిందని నిశ్చయించరాదు.

ఈ విషయంలో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ కథ మనకు గొప్ప పాఠం. 1929లో ఆయన ఒక రోగికి కామెర్లు రాగానే కీళ్ల బాధ ఆశ్చర్యకరంగా తగ్గడం చూచాడు. తరువాత గర్భవతులైన స్త్రీలలో కూడా ఈ వ్యాధి అణగి, ప్రసవం తరువాత తిరగబెట్టడం గమనించాడు. వీరికి అసలు ఆ రోగమే లేదని ఆయన తేల్చివేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఉన్న రోగాన్ని అణచే శక్తి ఏదో శరీరంలోనే ఉన్నదని ఆయన తలచాడు. ఆ అన్వేషణ 1948లో కార్టిజోన్ ప్రయోగానికి, 1950లో నోబెల్ బహుమానానికి దారి తీసింది. ఆ మందుతో మంచం దిగి నడిచినవారు, మందు ఆపగానే మరల మంచం పట్టారు. ఉపశమనం వ్యాధి స్వభావంలోనే ఒక భాగమని ఇంతకంటె స్పష్టంగా చెప్పే దృష్టాంతం లేదు.

మందు వాడుతూ సుఖంగా ఉన్నవాని తర్కంలో మరొక చిక్కు ఉన్నది. గొడుగు కింద నిలిచినవాడు నేను తడవలేదు గనుక వాన లేదని చెప్పడం చెల్లదు. వారానికొక మాత్రగా వాడే మెథోట్రెక్సేటు అటువంటి గొడుగు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ పరిశోధనాలయంలో జరిగిన కృషి నుండి వచ్చిన మందు అది. మొదట రక్తపు కాన్సరు కోసం వెలసినా, 1988లో ఆ దేశపు ప్రభుత్వం ఈ కీళ్లవాతానికి కూడా దానిని అంగీకరించింది. అయితే గొడుగు తీసి చూస్తే తెలియదా అని అడగవచ్చు. 1996లో హాలండులో వెలువడిన ఒక పరిశోధన ఆ పనే చేసింది. ఇట్లాంటి మందులతో దీర్ఘకాలం మేలు పొందుతున్న 285 మందిలో ఇంచుమించు సగం మందికి, వారికి తెలియకుండా, అసలు మందు బదులు ఉత్త మాత్ర ఇచ్చారు. ఏడాదిలో మందు మానినవారిలో నూటికి 38 మందికి, మానని వారిలో నూటికి 22 మందికి వ్యాధి తిరగబెట్టింది. ఈ అంకెలు ఇరుపక్షాల గర్వాన్నీ అణచివేస్తాయి. మానినవారిలో ఎక్కువమంది ఆ ఏడాది బాగానే ఉన్నారు. మానని వారిలో కొందరు బాగుగా లేరు. కనుక మందు ఆపి సుఖంగా ఉన్నంతమాత్రాన పూర్వపు పేరు అబద్ధమని ఋజువు కాదు. తిరగబెడితే మాత్రం ఆ ఋజువుకు చెల్లించిన మూల్యం పెద్దది. ఒకసారి కొరుక్కుపోయిన ఎముక మునుపటివలె పూడదు.

మరి జవాబు ఎక్కడ ఉన్నది? నేటి సుఖంలో లేదు. అసలు రోగం లేకపోవడం, ఉండి పోవడం, ఉండి నిద్రించడం ఈనాటి శరీరంలో ఒకే తీరుగా కనబడవచ్చు. ఏదైనా తేడా ఉంటే అది గతంలో ఉన్నది. మొదట వాపు ఏ కీళ్లలో వచ్చింది, దానిని వైద్యుడు చేతితో తడిమి చూచాడా, ముందు జ్వరం వచ్చిందా, ఎన్ని వారాలు నిలిచింది, రక్తపరీక్ష ఏమి చెప్పింది, ఆనాటి ఎక్స్‌రేలో ఎముక అంచు కొరికినట్లు గుర్తు ఉన్నదా – ఇవి అడగవలసిన ప్రశ్నలు. ఆ గుర్తు ఉంటే సంశయం చాలవరకు అక్కడే తీరుతుంది. మరుపు మనస్సుకు ఉన్నంతగా ఎముకకు ఉండదు. గుర్తు లేక, పరీక్షలన్నీ శూన్యమై, నిర్ణయం తొందరలో జరిగినట్లు కనబడితే సంశయం బలపడుతుంది.

ఇక్కడ ఇరువురికీ చెరియొక ధర్మం ఉన్నది. పేరు చెప్పినపుడే దాని ఆధారాలను కూడా రోగికి చెప్పి, కాగితంపై వ్రాసి ఇవ్వడం వైద్యుని ధర్మం. ఆధారం చెప్పని పేరు ఆజ్ఞ అవుతుంది; రోగి దానిని మోయగలడు గాని పరిశీలించలేడు. తరువాత ఎన్నేళ్లకు ప్రశ్న వచ్చినా దానిని తన విద్యకు అవమానంగా తలచక, కట్ట విప్పి మొదటి కాగితం నుండి చూడాలి. రోగి ధర్మం తన సంశయాన్ని తానే శోధించుకొనడం. నొప్పి ఉన్న రోజులలో కూడా ఈ సందేహం కలిగిందా, సుఖం వచ్చిన తరువాతనే కలిగిందా? పేరు నిజమని తేలినా వినడానికి సిద్ధంగా ఉన్నానా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాని సందేహం, సందేహపు వేషం వేసుకొన్న కోరిక. కోరిక తప్పు కాదు. దానిని ప్రమాణంగా వాడుకొనడమే తప్పు. ఎవరికీ చెప్పకుండా మందు మానివేయడం ధైర్యమని కొందరు భావిస్తారు. వైద్యునికి తెలియజేసి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ, కీళ్లను పరీక్షించుకొంటూ నడవడానికే ఎక్కువ ధైర్యం కావాలి. ఆ త్రోవలో అప్రియమైన జవాబు కూడా ఎదురుకావచ్చు.

ఒకవేళ పేరు తప్పేనని తేలిందనుకుందాం. అపుడు కూడా పదిహేనేళ్ల బాధ అబద్ధం కాదు. తెల్లవారుజామున బిగిసిన చేతులతో బిడ్డకు జడ వేయలేక విలపించిన తల్లి దుఃఖం నిజమైన దుఃఖమే. దానికి మనం పెట్టిన పేరు మాత్రమే మారుతుంది. ఈ భేదం తెలియనివారు రోగితో అన్నీ నీ ఊహలేనని అంటారు. అంతకంటె క్రూరమైన మాట లేదు. పేరు నిజమేనని తేలినా, ఆమె సంశయం వ్యర్థం కాదు. ఇన్నాళ్లు ఇతరుల మాటమీద మోసిన నిర్ణయాన్ని ఇకపై తన విచారణతో అంగీకరించి మోస్తుంది.

అన్ని సందర్భాలలోను జవాబు దొరకదు. పాత కాగితాలు పోయి ఉంటాయి, మొదటి వైద్యుడు గతించి ఉంటాడు, జ్ఞాపకం మసకబారి ఉంటుంది. అపుడు నిశ్చయం లేకుండానే జీవించడం నేర్చుకోవాలి. మన ఇండ్లలో పూర్వం పొయ్యి బూడిదను పెంటపై పోసే ముందు చేయి దగ్గరగా పెట్టి వేడి చూచేవారు. చల్లగా ఉంటే పోసేవారు. లేకుంటే కొంతసేపు ఆగేవారు. ఆ ఆగడంలో భయం లేదు, అలాగని బూడిద మీద గుడ్డి నమ్మకమూ లేదు. ఆగినంతసేపూ ఇంటి పని జరుగుతూనే ఉండేది.