ఆట గంట పిల్లల హక్కు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) మీద, ఆయన కుటుంబీకుల మీద, సహచరుల మీద శాంతి, శుభాలు కురియుగాక!

సంతానం అల్లాహ్ ప్రసాదించిన వరమే కాదు, మన చేతికి అప్పగించిన అమానత్ కూడా. ప్రతి ఒక్కరూ కాపరి వంటివారేనని, తమ సంరక్షణలో ఉన్నవారిని గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బిడ్డకు కలిమా నేర్పామా, నమాజు నేర్పామా అని మనం ఆలోచిస్తాం. ఆ బిడ్డ శరీరం గురించి కూడా ప్రశ్న ఉంటుందన్న సంగతి మరచిపోతాం.

పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతున్న అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర)కు, శరీరానికి కూడా మనిషిపై హక్కుందని ప్రవక్త (స) బోధించారు. ఆరాధన కోసమే అయినా శరీరం హక్కును కాజేయరాదన్నప్పుడు, మార్కుల కోసం, సెల్‌ఫోన్ కోసం కాజేయడం ఎలా తగుతుంది?

పొద్దున బడి వేళకు కరీంనగర్ - జగిత్యాల రోడ్డు మీద కొండగట్టు దగ్గర నిలబడి చూడండి. స్కూలు బస్సులు, ఆటోలు పిల్లల్ని నింపుకొని పోతుంటాయి. ఒకప్పుడు పొలం గట్ల వెంట నడిచి బడికి పోయిన ఊళ్లే ఇవి. ఇప్పుడు గడప దగ్గర బస్సెక్కిన బిడ్డ బడి గేటు దగ్గర దిగుతాడు. సాయంత్రం ట్యూషన్, తర్వాత అరబీ చదువు, ఆ తర్వాత హోంవర్కు, ఆపైన సెల్‌ఫోన్. మధ్యలో చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్. కొండ పక్కనే పెరుగుతూ నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లలు తయారవుతున్నారు.

ఇది మన ఒక్క ప్రాంతం సమస్య కాదు. ప్రపంచంలో 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో స్థూలకాయుల సంఖ్య, బరువు తక్కువ పిల్లల సంఖ్యను మొదటిసారి మించిపోయిందని 2025లో యూనిసెఫ్ ప్రకటించింది. ప్రతి పదిమందిలో ఒకరు స్థూలకాయులే. మన దేశంలో 5 ఏళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 2.1 మంది ఉంటే, 2019-21 సర్వే నాటికి 3.4 మంది అయ్యారు. ఒకే వీధిలో ఒక ఇంట బిడ్డ తిండి చాలక చిక్కిపోతుంటే, మరో ఇంట తిండి ఎక్కువై ఉబ్బిపోతున్నాడు. బిడ్డ బొద్దుగా ఉంటే దాదీ, నానీ మురిసిపోతారు. కాని పెద్దవాళ్లకు వచ్చే చక్కెర వ్యాధి, రక్తపోటు ఆ బొద్దుతనం వెంటే చిన్న వయసులో వచ్చి పడుతున్నాయి.

తినండి, తాగండి, మితిమీరకండి అన్నదే దివ్యఖుర్ఆన్ బోధ. కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు కేటాయించుకోవాలని ప్రవక్త (స) మార్గం చూపారు. ఈ పాఠం దస్తర్‌ఖాన్ దగ్గర నేర్పవలసింది తల్లిదండ్రులే. ఏడ్చిన ప్రతిసారీ బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెడితే ఈ పాఠం ఎలా అబ్బుతుంది?

ఇక ఆట సంగతి. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో పిల్లల పెంపకం గురించి విపులంగా రాశారు. బిడ్డ మక్తబ్ నుంచి వచ్చాక చదువు అలసట తీరేలా ఆడుకోనివ్వాలన్నారు. ఆటను అడ్డుకొని ఎప్పుడూ చదువే చెబుతుంటే వాడి మనసు చచ్చిపోతుందని, తెలివి మొద్దుబారుతుందని హెచ్చరించారు. సోమరితనం అబ్బకుండా రోజూ కొంతసేపు నడక, వ్యాయామం అలవాటు చేయమన్నారు. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు చెబుతున్నది. ఇమామ్ గారు ఖుర్ఆన్ చదువుకునే పిల్లల గురించే ఆ మాట చెప్పారని గమనించండి. మరి మన మక్తబ్‌లు సరిగ్గా ఆట వేళనే ఎందుకు పెడుతున్నాం? ఫజ్ర్ తర్వాతో, మగ్రిబ్ తర్వాతో పెట్టి, అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు పిల్లల్ని మైదానానికి వదలలేమా? మస్జిద్ కమిటీలు ఈ విషయం ఆలోచించాలి.

బడిలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత, ఏ మీడియం అని అడుగుతాం. మైదానం ఉందా అని అడిగేవారు ఎందరు? 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉండే తినుబండారాలను బడిలోనే కాదు, బడికి 50 మీటర్ల లోపల కూడా అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన పెట్టింది. ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చినప్పుడు మర్యాదగా, గట్టిగా అడగటం మన బాధ్యత.

ఆడపిల్లల విషయంలో మరింత అన్యాయం చేస్తున్నాం. కాస్త ఎదగ్గానే ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెడతాం. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం పెట్టుకున్నారు. మొదట ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేశాక ఆయన గెలిచి, అప్పటి దానికి ఇది చెల్లు అంటూ నవ్వుతాలుగా అన్నారు. ఒళ్లు చేసిందని ఆట మాన్పించలేదు, అవమానించలేదు. మన పొరుగు జిల్లా నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. ఆ అమ్మాయిని మైదానంలో ప్రోత్సహించింది కన్నతండ్రే.

లావుగా ఉన్న బిడ్డను చూసి బడిలో తోటివారు, ఇంట్లో పెద్దవారు కూడా ఎగతాళి చేస్తుంటారు. ఒకరినొకరు పరిహసించుకోవడాన్ని, ఎగతాళి పేర్లు పెట్టుకోవడాన్ని అల్లాహ్ నిషేధించాడు. బిడ్డను తిట్టకండి, వాడితో కలిసి నడవండి. మస్జిద్‌కు బండి మీద కాకుండా చెయ్యి పట్టుకొని నడిపించి తీసుకుపోండి. టిఫిన్ డబ్బాలో మక్క గుడాలో, పల్లీలో, జామకాయో పెట్టండి. అన్నం తినేటప్పుడు ఇంటిల్లిపాదీ సెల్‌ఫోన్లు పక్కన పెట్టండి. బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని ప్రవక్త (స) చెప్పిన మాట మన పిల్లలకూ వర్తిస్తుంది.

అల్లాహ్ మన సంతానానికి ఆరోగ్యాన్ని, సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఈ అమానత్‌ను సక్రమంగా కాపాడే భాగ్యం మనకు కలిగించుగాక! ఆమీన్.