బొమ్మల వేడుక – బిడ్డల చదువు

మా మనుమడు నాలుగేండ్లవాడు. రాయచూరులోని మా అంగడికి వచ్చినపుడెల్ల వాడు అల్లరి చేయకుండుటకై నేనే ఫోనులో కార్టూను బొమ్మలు పెట్టి చేతికిచ్చుచుంటిని. గిరాకీ ఉన్నంతసేపు వాడు కదలడు, నాకు హాయి. ఒకనాడు పలకపై 'అ' దిద్దించుచుండగా రెండుమారులు గీచి, "ఇది ఎప్పుడు మారుతుంది తాతా?" అని అడిగెను. "అక్షరం మారదు నాయనా, దిద్దే చేయి మారాలి" అంటిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

తప్పు బొమ్మలదా, మనదా? బొమ్మలన్నియు చెడ్డవనుట న్యాయము కాదు. 1969లో అమెరికాలో ఆరంభమైన 'సెసమీ స్ట్రీట్' పసివారికి అక్షరములు, అంకెలు నేర్పుటకే పుట్టినది. 2008లో వచ్చిన 'ఛోటా భీమ్' మన హైదరాబాదులో తయారైనదే.

అయితే బొమ్మల వేగమును గమనింపవలెను. 2011లో ప్రకటితమైన వర్జీనియా విశ్వవిద్యాలయమువారి పరిశోధనలో నాలుగేండ్ల బిడ్డలు 60 మంది పాల్గొనిరి. కొందరికి గబగబ మారు కార్టూనును 9 నిమిషములు చూపిరి. కొందరికి నెమ్మదిగా సాగు విద్యా కార్యక్రమమును చూపిరి. మిగిలినవారిచే బొమ్మలు గీయించిరి. వెంటనే పరీక్షింపగా, వేగపు కార్టూను చూచినవారు బొమ్మలు గీచినవారికంటె ఓపికలోను, మనస్సును అదుపులో నుంచుకొనుటలోను వెనుకబడిరి. రెండు మొదలు నాలుగేండ్ల వయసువారు దినమునకు ఒక గంటకు మించి తెర ముందు కూర్చుండరాదనియు, ఎంత తగ్గిన అంత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది.

చదువనగా తెలియనిదాని యెదుట ఓర్చి కూర్చుండుట. చిఠ్ఠాకు, నగదుకు పొత్తు కుదరని రాత్రి మనము మొదటినుండి తిరిగి కూడలేదా? కార్టూను బిడ్డను ఏమియు అడుగదు, పలక అడుగును. అడుగనిదానికి అలవాటుపడినవాడు అడుగుదానిని చూచి విసుగుకొనుట వింత కాదు.

నేను నా నెమ్మదిని అరువు తెచ్చుకొని ఆ బాకీని బిడ్డ ఖాతాలో వ్రాసితిని. ఒకరి అప్పు మరియొకరి పేర వ్రాయుట ఎంత తప్పో వర్తకులమైన మనకు వేరే చెప్పవలెనా?

ఇపుడు సాయంకాలము అరగంట వాని ప్రక్కనే కూర్చుండి చూచుచున్నాను. నడుమ ఆపి, "తర్వాత ఏమవుతుంది చెప్పు" అని అడుగుచున్నాను. అంగడిలో ఫోనుకు బదులు చిల్లర నాణెములు ఎంచుమని ఇచ్చుచున్నాను. అల్లరి తగ్గలేదు, గిరాకీ వేళ నాకు తొందరయే. కాని లెక్క తప్పినపుడు వాడే మరల ఎంచుచున్నాడు. ఆ 'మరల' అను మాటలోనే చదువంతయు గలదని నాకు తోచుచున్నది.