అన్న కంటే పెద్దవాణ్ణయిన రోజు

మా ఇంట్లో పెద్దవాడి బట్టలు చిన్నవాడికి రావడం మామూలే. అన్న నీలం గళ్ళ చొక్కా కూడా అలాగే నాకు రావలసింది. వాడు పద్నాలుగో ఏట జ్వరంతో పోయాడు. అమ్మ ఆ చొక్కాని ట్రంకుపెట్టె అడుగున దాచింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి తొడుక్కున్నాను. భుజాల దగ్గర పట్టేసింది. చేతులు మణికట్టుకి రెండంగుళాలు పైనే ఆగిపోయాయి. నాకప్పుడు పదిహేను నిండాయి. ఇకమీదట వాణ్ణి అన్నా అని పిలవడం ఎలా అని అద్దం ముందు నిలబడి ఏడ్చాను.

కథల్లో పిల్లలు పెద్దవాళ్ళు కావడానికి ఎందుకు భయపడతారని అడిగితే, అమాయకత్వం పోతుందని, లోకం కుళ్ళు తెలిసిపోతుందని జవాబు చెబుతారు. ఆ జవాబు నాకెప్పుడూ చాలలేదు. చాలా కథల్లో ఆ భయం వెనక చనిపోయిన ఒక పిల్లవాడు ఉంటాడు. వాడు పెరగడు. వాణ్ణి అక్కడే వదిలేసి మనం ముందుకి నడవాలి. కాళ్ళు రానిది అందుకే.

పీటర్ పాన్ సంగతే చూడండి. ఎన్నటికీ పెరగని ఆ కుర్రాడు 1904లో లండన్ రంగస్థలం మీదికి వచ్చాడు. రాసినవాడు స్కాట్లాండ్‌కి చెందిన జె.ఎం. బారీ. 1867లో అతని అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ ప్రమాదంలో, పద్నాలుగేళ్ళు నిండకుండానే పోయాడు. అప్పటికి బారీకి ఆరేళ్ళు. తల్లి మంచం పట్టింది. ఆమెకి ఊరట కలిగించాలని ఆ పసివాడు అన్న బట్టలు తొడుక్కుని, అన్నలాగే ఈల వేస్తూ ఆమె ముందు నిలబడ్డాడు. తల్లి గురించి రాసిన పుస్తకంలో తనే ఈ సంగతి చెప్పుకున్నాడు. అది చదివిన రోజు నాకు ట్రంకుపెట్టె వాసన వచ్చింది.

అయితే నన్ను ఎక్కువగా పట్టుకున్నది సాలింజర్ 1951లో ప్రచురించిన ‘ది క్యాచర్ ఇన్ ద రై’. బడి నుంచి వెళ్ళగొట్టబడిన పదహారేళ్ళ హోల్డెన్ న్యూయార్క్ వీధుల్లో తిరుగుతూ కనిపించిన పెద్దవాళ్ళందరినీ బూటకపు మనుషులంటాడు. అతని నోటి దురుసు గురించే అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం అందులోని ఒక బేస్‌బాల్ గ్లవ్ కావాలి. అతని తమ్ముడు ఆలీది ఎడమచేతి వాటం. ఆటలో బ్యాటింగ్‌కి ఎవరూ లేని సమయంలో చదువుకోవడానికని గ్లవ్ నిండా, వేళ్ళ మీద కూడా, ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు. పదకొండేళ్ళకే రక్త క్యాన్సర్‌తో పోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ళ హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఆ చెయ్యి తర్వాత ఎప్పుడూ సరిగ్గా ముడుచుకోలేదు. చేతి గాయంతో ఆసుపత్రిలో ఉండిపోవడం వల్ల తమ్ముడి అంత్యక్రియలకీ వెళ్ళలేకపోయాడు.

ఇక ఇతని దగ్గర పోవడానికి అమాయకత్వం ఏం మిగిలింది? అది ఆ గ్యారేజీలోనే పోయింది. పొలంలో ఆడుకుంటూ కొండ అంచుకి పరుగెత్తే పిల్లల్ని పడిపోకుండా పట్టుకోవడమే తనకి కావలసిన పని అంటాడతను. ఆ అంచు అవతల ఉన్నది పెద్దరికం అని పాఠాలు చెబుతారు. నేనలా చదవలేను. ఒక్క పిల్లవాణ్ణి పట్టుకోలేకపోయినవాడు మిగిలిన పిల్లలందరికీ కాపలా కాస్తానంటున్నాడు. ఒకచోట రోడ్డు దాటుతూ, అవతలికి చేరకుండానే మాయమైపోతానేమోనని హడలిపోయి, ఒక్కొక్క వీధి దగ్గర ఆలీని వేడుకుంటాడు, నన్ను పోనివ్వకురా అని. దాటిన ప్రతిసారీ వాడికి కృతజ్ఞతలు చెబుతాడు. పెరగడానికి భయపడే పిల్లవాడి గుండె ఇంత దగ్గరగా నాకు మరే పుస్తకంలోనూ వినిపించలేదు.

చివర్లో రంగులరాట్నం వస్తుంది. పదేళ్ళ చెల్లెలు ఫీబీ నీలం కోటు వేసుకుని కొయ్యగుర్రం మీద తిరుగుతూ ఉంటుంది. పిల్లలు బంగారు రంగు ఉంగరం కోసం చెయ్యి చాస్తుంటారు. పడిపోతుందేమోనని హోల్డెన్‌కి భయం. అయినా ఏమీ అనడు. పడితే పడనివ్వాలి అనుకుంటాడు. ఇంతలో వాన అందుకుంటుంది. తల్లులూ తండ్రులూ రాట్నం కప్పు కిందికి పరుగెత్తుతారు. అతను బెంచీ మీదే కూర్చుని తడిసి ముద్దవుతాడు.

ఆ వాన దగ్గరికి వచ్చేసరికి నేను పేజీలు వెనక్కి తిప్పాను. అంతకు ముందే ఇంకో వాన ఉంది. ఆలీ సమాధి దగ్గర వాన పడగానే వచ్చినవాళ్ళందరూ కార్లలోకి పరుగెత్తారు. రేడియోలు పెట్టుకుని, ఎక్కడికైనా భోజనానికి వెళ్ళిపోవచ్చు వాళ్ళు. ఆలీ ఒక్కడే అక్కడ. ఆ సంగతి హోల్డెన్ తట్టుకోలేకపోయాడు. ఇప్పుడు అందరూ కప్పు కిందికి చేరినా అతను లేవలేదు. ఫీబీ అతని తల మీద పెట్టిన ఎర్ర టోపీ కొంచెం కాపాడుతోంది, మిగతా ఒళ్ళంతా నీళ్ళు. చెల్లెలు గుండ్రంగా తిరిగి వస్తోంది, వెళ్తోంది. ఏడుపు వచ్చేంత సంతోషంగా ఉంది అతనికి.