ఎవరి కొరకు వాన నడుగుదుము?

ఫాల్గుణము వచ్చినది మొదలు మన పడమటి సీమలో ఆకాశము ఒక మాటమీద నిలువదు. తెల్లవారుజామున నల్లమలనుండి దిగు గాలికి దుప్పటి వెదకుకొందుము. మిట్టమధ్యాహ్నమున మార్కాపురము వీధులలో కాలు పెట్టలేము. చైత్ర వైశాఖములలోనయితే ఉదయమంతయు నిప్పులు చెరిగిన ఎండ మూడు గంటలకు మాయమగును. నల్లని మబ్బు లేచును; ఈదురుగాలి, ఉరుము, మెరుపు, ఒక్కొక్కమారు వడగండ్లు. అరగంటలో అంతయు ముగియును. గిద్దలూరులో కుండపోత పోసిననాడు కంభములో చినుకైనను ఉండకపోవచ్చును. సముద్రమునుండి వచ్చు తేమగాలియు, లోతట్టునుండి వచ్చు పొడిగాలియు కాగిన నేలమీద కలిసికొనుటయే యిందుకు కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కారణము తెలిసినంతమాత్రమున కల్లము తడియక మానదు.

వేసవిలో బోరులు ఎండి, పశువులకు మేత కరవై, చెరువు అడుగు బీటలు వారినప్పుడు ఆదివారము ఆరాధనలో వర్షము కొరకు ప్రార్థింతుము. ఇది సహజమే. కాని ఆ ప్రార్థనకు ఆమేన్ అనువారిని ఒక్కసారి పరికించుడి. ముందు కూర్చున్న గొఱ్ఱెల కాపరికి ఒక పదును వాన కావలెను. కొన్ని దినములలో గట్లమీద పచ్చిక మొలచి మంద బ్రదుకును. వేసవి దుక్కి దున్నుకొనువానికిని కావలెను. వాని ప్రక్కనే యున్నవాని మిరపకాయలు కల్లములో పరచియున్నవి. గట్టి జల్లు తగిలెనా, రంగు చెడి తాలుకాయలలోనికి పోవును. పసుపు ఉడికించి ఆరబోసినవారును కలరు. వెనుక కూర్చున్నది ఇటుకబట్టీ కూలి. పచ్చి ఇటుకలతోపాటు ఆమె కూలియు కరగిపోవును. అందరును ఆమేన్ అందురు. మిరప రైతు ఏమని యనవలెను? అతడు నోరు మెదపకుండినయెడల అవిశ్వాసి యనవచ్చునా?

వానను గూర్చి అసలు ప్రార్థింపనే వద్దని కొందరు చదువుకొన్నవారు చెప్పుదురు. జీతము నెల మొదటి తేదీని వచ్చువానికి ఆ మాట చెప్పుట తేలిక. ఆకలి మబ్బునుబట్టి వచ్చు ఊరిలో మబ్బును విడిచి ప్రార్థించుట ఎట్లు? మరికొందరు వాన పడుట నీతికి బహుమానమనియు, కల్లము తడియుట పాపమునకు శిక్షయనియు చెప్పుదురు. ద్వితీయోపదేశకాండములో విధేయతకు వర్షము వాగ్దానము చేయబడిన మాట నిజమే, దానిని దాటవేయరాదు. అయితే ఆ వాగ్దానము ఒక జనాంగమంతటికి ఇయ్యబడినది. పొరుగువాని తాలుకాయలను చూపి వాని యాత్మను తూచుటకు ఇయ్యబడినది కాదు. నీతిమంతులమీదను అనీతిమంతులమీదను ఒకే వర్షము కురియునని ప్రభువే సెలవిచ్చెను. సిలోయములో గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులని యెంచవద్దనియు ఆయనే చెప్పెను.

ఈ చిక్కు మన సీమకే వచ్చినది కాదు. అమెరికాలోని పెద్ద సరస్సుల తీరమున మిచిగన్ రాష్ట్రమున్నది. వసంతకాలమున సరస్సు నీటి చలువకు అక్కడి చెట్లు త్వరపడి పూయవు. అందుచేత ఆలస్యముగా పడు మంచుకు పూత తప్పించుకొనును. 2012 మార్చిలో వేసవివంటి ఎండ కాసెను. పట్టణములవారు ఎంత మంచి వాతావరణమని ఉబ్బిపోయిరి. సరస్సు చలువయు ఆపలేకపోయెను. చెట్లు ముందుగానే పూసెను. ఏప్రిలులో మంచు పడి ఆ యేటి ఆపిలు పంటలో దాదాపు పదింట తొమ్మిది పాళ్లు పోయెను. మంచి వాతావరణమనునప్పుడు ఎవరికి మంచిదని అడుగుట మనకు అలవాటు లేదు.

మనకును ఒక సరస్సున్నది. కంభము చెరువును గజపతుల ఆడపడుచు, విజయనగరపు రాణి వరదరాజమ్మ కట్టించినదని పెద్దలు చెప్పుదురు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ కట్ట ఎత్తు 57 అడుగులు; దాని క్రింద పదివేల ఎకరములకు మించిన ఆయకట్టున్నది. ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా దానికి 2020లో గుర్తింపు వచ్చినది. మాకు ఆశ్చర్యము కలిగించునది ఆ కొలతలు కావు. ఏ కొండమీద పడినను, ఎవరి చేనిలో పొర్లినను నీరు అక్కడికి చేరి అందరిదగును. తూము తీసినప్పుడు ఇది ఎవరి మబ్బునుండి వచ్చినదని ఎవరును అడుగరు. హెచ్చుతగ్గులుగా కురిసినదానిని వంతులవారీగా పంచు ఉపాయమది. తూము దగ్గరివాడు చివరి ఆయకట్టువాని వంతును మ్రింగుటయు కలదు. రాతికట్ట నీటిని ఆపును గాని చేతిని ఆపదు.

ఆ గుండ్లకమ్మలోనే, దిగువన వెల్లంపల్లియొద్ద, 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనవారు ఇప్పటికిని చెప్పుకొందురు. అంతకుముందటి సంగతి తక్కువగా చెప్పుకొందురు. 1876లో వానలు తప్పి ఘోరమైన కరవు వచ్చినప్పుడు ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడు మైళ్ల త్రవ్వకము గుత్తకు పుచ్చుకొని వేలమందికి పని చూపెను. కరవు సాగుచుండగా బాప్తిస్మములు నిలిపివేసెను. అన్నము కొరకు వచ్చినారన్న మాట రాకూడదని ఆయన తలంపు. వాన తప్పినవానికి పని ఇచ్చుట ఒకటి. వాని ఆకలిని బేరమునకు వాడుకొనుట వేరొకటి. ఆయన ఈ రెంటిని కలుపలేదు.

కనుక మా అభిప్రాయమిది. వాన నడుగుడి. అడిగి పొందినవాడు దానివలన నష్టపడినవానికి బాకీపడెను. మంద బ్రదికినవాడు, చేను దున్నుకొన్నవాడు కృతజ్ఞతార్పణ తెచ్చునప్పుడు అందులో కొంత, తాలుకాయలు మిగిలినవాని ఇంటికి పోవలెను. దొరతనమువారి నష్టపరిహారము కొంతవరకు చేరును. కాగితము లేని కౌలుదారునకు, ఆ దినము పని పోయిన కూలికి చేరుట అరుదు.

పిడుగు సంగతి చెప్పుట కష్టము. మనము అడిగిన మబ్బుతోనే అది వచ్చును. చెట్టు క్రింద నిలిచిన కాపరిని కొట్టును. ఆ యింట ఏ బాకీ తీర్చగలము? యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక నేలమీద కూర్చుండిరి. వారు చేసిన మంచిపని అదియొక్కటే. నోరు తెరచిన తరువాత చెడినది.

అయితే కొంత ముందుగా తెలిసికొను సదుపాయము నేడున్నది. పిడుగుల హెచ్చరిక ఫోనులోనికి వచ్చుచున్నది. ఫోను పలుకని కొండచరియలో మంద మేపువానికి అది చేరదు. అది చదివినవాడు మబ్బు లేవకముందే వాని యొద్దకు ఒకని పంపవలెను. ఇందుకు సంఘములో ఇద్దరు పడుచువాండ్రను ఏర్పరచిన చాలును. అట్లే మందిరపు వసారాలో పది పరదాలు కొని యుంచుట పెద్ద ఖర్చు కాదు. మూడు గంటలకు నల్లమలమీద చీకటి కమ్మినప్పుడు ఏ కల్లము దగ్గరగా నున్నదో దానిమీద కప్పవలెను. అది మన సంఘమువారిదా, ఇతరులదా యని విచారింపనక్కరలేదు. గాలి అప్పటికే వచ్చియుండును.