కోయకుండా వదిలిన కాకరకాయ



నిరుడు మా పెరటి పాదుకు ఒక్క కాకరకాయను కోయకుండా వదిలేశాను. పసుపు తిరిగి, నారింజ రంగుకొచ్చి, ఓ పొద్దున్నే పాయలుగా విచ్చుకుంది. లోపల ఎర్రటి గుజ్జులో పొదిగినట్టు గింజలు. అంత చేదు కాయలో ఆ గుజ్జు మాత్రం తియ్యన! పిట్టల కోసమే ఆ తీపి. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి దాచాను.

కాకర గింజ పెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టాలి. మన గోదారి డెల్టా నల్లమట్టిలో నీరు నిలిస్తే గింజ కుళ్లిపోతుంది. అందుకే మట్టి కాస్త ఎత్తు చేసి, గోదారి ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, అంగుళం లోతులోపే నాటండి. మొక్కలకు కడియం నర్సరీలు దగ్గరే ఉన్నాయి, నిజమే. కానీ పెంకును నెత్తిన మోసుకుంటూ మొలక పైకి రావడం చూడాలంటే గింజే నాటాలి.

మొదట మగపువ్వులే పూసి రాలిపోతాయి, దిగులు పడకండి. తర్వాత వచ్చే ఆడపువ్వు కింద బుల్లి పిందె అప్పటికే గరుగ్గా ఉంటుంది. ఆ పువ్వుకు ఒక్క రోజే ఆయుష్షు. పొద్దుటి పూట మందు కొట్టకండి, తేనెటీగలను రానివ్వండి. అవి రానినాడు మగపువ్వు తుంచి, ఆడపువ్వుకు మెల్లగా తాకించండి.